ఫిక్స్‌డ్ ప్రైస్, లాస్ట్ ప్రైస్

నా చిన్నప్పుడు లింగంపల్లి స్టేషన్ దగ్గర మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. బేరాల మధ్య పెరిగినవాణ్ణి కదా, స్నానానికి పొమ్మన్నా 'రేపు చేస్తే ఎంత తగ్గిస్తావు' అన్నట్టే ఉండేవాణ్ణట.

ఒకసారి పక్క వీధిలో అద్దాల షోరూం వెలిసింది. దాన్ని చూసి మా నాన్న గోడకు 'ఫిక్స్‌డ్ ప్రైస్' అని బోర్డు తగిలించాడు. వచ్చినవాళ్ళు ఒక మాట అడిగి, బోర్డు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఇలాగే సాగితే షట్టర్ దించేసి ఫ్యాక్టరీ పనికి పోతానన్నాడు నాన్న. దుకాణమే లోకమైన నాకు ఆ పూట అన్నం సహించలేదు. మా నానమ్మ మాత్రం మూయనిచ్చేది లేదని భీష్మించుకుంది.

ఒకరోజు మధ్యాహ్నమైనా బోణీ కాలేదు. ఒకావిడ వచ్చి అన్నం వండే పెద్ద గంజు ధర అడిగింది. తగ్గించమంటే నాన్న వేలితో బోర్డు చూపించాడు. ఆవిడ మెట్లు దిగుతుంటే నానమ్మ పిలిచింది.

"ఏంది బిడ్డా, గట్లనే పోతవ్? జర కూసో. ఎంతమందికి వండాలె?"

ఆవిడ కూర్చుంది. కూతురి సీమంతమట. తన ధర తను చెప్పింది. నానమ్మ కాదనలేదు, ఔననలేదు. గంజును వేలితో కొట్టి మోగించింది, అడుగు మందం చూపించింది, పుట్టబోయే మనవడి గురించి అడిగింది. ఆవిడ తన ధరను కొంచెం కొంచెం పెంచుతూ వచ్చింది. చివరికి నానమ్మ గంజులో ఒక గంటె కొసరు వేసి, "ఇగ ఇదే లాస్ట్ ప్రైస్" అంది.

"మీ కొడుకు చెప్పింది గూడ గదే గద, అవ్వా."

"వాడు నీ మాట ఇనకముందే చెప్పిండు. నేను ఇన్నంక చెప్తున్న."

ఆవిడ నవ్వుతూ కొంగుముడి విప్పింది. సాయంత్రం నాన్న బోర్డు తీసేశాడు. నా పెళ్ళి దాకా ఆ దుకాణం నడిచింది.

రెండు మాటలదీ ఒకటే ధర. మొదటిది గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. రెండోది ఇద్దరూ కలిసి కొంత దూరం నడిచాక, ఇక ఇక్కడ ఆగుదామంటుంది.

ఇప్పుడు తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల కింది సూపర్ మార్కెట్‌లో ధర అచ్చేసిన ప్యాకెట్‌కు బేరమాడబోయి మనవరాలి చేత చీవాట్లు తింటుంటాను. ఆ పిల్ల ఏదైనా కావాలంటే కాదనడమూ నాకు బాగానే వచ్చు. అయితే తను చెప్పదలచుకున్నదంతా చెప్పేదాకా ఆ 'కాదు'ను నోట్లోనే ఆపుకుంటాను. కొన్నిసార్లు అది అక్కడే కరిగిపోతుంది.