నా రక్తం అందరికీ చెప్పింది, నాకు తప్ప

ఆ రోజు పొద్దున ఆసు పోస్తుంటే పొత్తికడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. ఆసు అంటే చీరకు కావలసిన పేక నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చే పని. పోచంపల్లిలో ఆ పని చేసే ఆడవాళ్లకు భుజం నుంచి నడుము దాకా లాగుతూనే ఉంటుంది. ఇదీ అదే అనుకుని కాస్త వాము నమిలి పని కానిచ్చాను. సాయంత్రానికి వాంతులు, చలిజ్వరం. మర్నాటికి కడుపు చెక్కలా బిగుసుకుపోయింది.

మా అన్న ఉండేది నల్లగొండలో. అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకిందని ఆపరేషన్ చేశారు. తర్వాత రోజూ పొద్దున్నే రక్తం తీసుకుపోయేవారు. సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్, లాక్టేట్ అనే మాటలు నేను విన్నది అప్పుడే. ఇవి తగ్గుతుంటే ఇన్‌ఫెక్షన్ దారికొస్తున్నట్టు, తగ్గి మళ్లీ పెరిగితే లోపల ఏదో చెడుతున్నట్టు, చాలాసార్లు మనిషికి తెలియకముందే రక్తంలో తెలుస్తుందని డాక్టర్ చెప్పారు. నాకు చప్పున అర్థమైంది. మా పనిలోనూ అంతే. నూలును రంగులో ముంచినప్పుడే తప్పు జరిగిపోతుంది, చీరలో కనబడేది ఆ తర్వాత.

మొదట తగ్గాయి. గంజి తాగాను, వార్డులో నాలుగడుగులు వేశాను. ఒక పొద్దున డాక్టర్ మా ఆయనను, అన్నను బయటికి పిలిచి మాట్లాడారు. లోపలికొచ్చాక రిపోర్టు సంగతి అడిగాను.

"అంత మంచిగనే ఉంది. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు మా ఆయన. అన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. సాయంత్రం కడుపు ఉబ్బి గుండె దడదడలాడుతున్నా, రిపోర్టు బాగుందన్నారు కదా అని నర్సును కూడా పిలవలేదు.

మర్నాడు బీపీ పడిపోయింది. మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకుపోతుంటే, ఇంతదాకా ఎందుకు ఆగారని డాక్టర్‌ను అడిగాను. ఆయన ఆగి నా మొహం చూశారు.

"నిన్ననే చేద్దామన్నం కదమ్మా. సీఆర్‌పీ మళ్ల పెరిగింది, లోపల పేగు లీక్ ఉన్నట్టుందని చెప్పినం. మీవాళ్లే అమావాస్య దాటనియ్యమన్నరు."

అమావాస్య నాడు మా ఇళ్లలో మగ్గం ముట్టరు. ఆ ఆచారం నేనూ పాటించినదాన్నే. మగ్గం ఒక రోజు ఆగితే నూలేమీ చెడిపోదు. నా కడుపు ఆగలేదు. నేను తెలివిలోనే ఉన్నాను. మా ఆయన అడగలేదు, తోడబుట్టినవాడు అడగలేదు, ఆ డాక్టరూ అడగలేదు. అడిగితే ఆ క్షణమే కోయమనేదాన్ని.

ఐసీయూ, ఆపైన కొన్ని నెలలు కడుపు పక్కన రంధ్రం పెట్టి మలం పోవడానికి తగిలించిన స్టోమా సంచి, ఆ రంధ్రం మూయడానికి ఇంకో ఆపరేషన్. ఇంటికొచ్చాక ఒకసారి నిలదీస్తే, "నువ్వు భయపడ్తవని చెప్పలే," అన్నాడు మా ఆయన.

"పానం నాది. భయపడేది కూడ నేనే పడ్త," అన్నాను.

ఇప్పుడు నడుముకు బెల్టు కట్టుకుని మళ్లీ ఆసు పోస్తున్నాను. ఆయన నన్ను బాగానే చూసుకుంటాడు. నేను మాత్రం ఆయన "మంచిగనే ఉంది" అన్న ఏ మాటనూ ఇప్పటికీ నమ్మలేను.

ఆసుపత్రిలో చేరే మీకు చెప్పేది ఒక్కటే. నా రిపోర్టు ముందు నాకే చెప్పండని మొదటి రోజే డాక్టర్‌తో అనండి. నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా అని రోజూ మీరే అడగండి. మొన్న చెకప్‌లో రిపోర్టు కోసం పిలిస్తే మా ఆయన లేవబోయాడు. కూర్చోమని, నేనే వెళ్లి తెచ్చుకున్నాను.