జవాబు రాని సిమెంటు బస్తా

విశాఖపట్నంలో ఎందుకు స్థిరపడ్డారని మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్లు అందరినీ అడిగి చిన్న పుస్తకం వేశారు. పదకొండేళ్లుగా ఉంటున్న నన్ను మాత్రం అడగలేదు. సముద్రపు గాలి అని ఒకరు, ఉద్యోగమని ఒకరు, పిల్లల చదువని ఇంకొకరు రాశారు. నన్నడిగితే సిమెంటు అని చెప్పేవాణ్ణి. పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే కొత్త గోడకు నీళ్లు కొట్టగానే లేచే తడి వాసనకు నేనిప్పటికీ మా ఊరు మేళ్లచెరువులో తేలుతాను.

అక్కడ ఎండాకాలమంతా చింతాకు మీద, ఆరేసిన బట్టల మీద, గోలీలాడే మా తలల మీద తెల్లటి దుమ్ము కూర్చునేది. మా నాయనమ్మ కడవ మూతను కొంగుతో తుడవనిదే గుక్కెడు నీళ్లు ముంచేది కాదు. నాయన లారీ డ్రైవరు. ఫ్యాక్టరీలో లోడెత్తుకుని, కోదాడ మీదుగా విశాఖ పోయే ముందు అన్నానికి ఇంటి దగ్గర ఆగేవాడు. సద్దుల బతుకమ్మ నాడైనా అంతే, అమ్మ చేసిన నువ్వుల పొడి, పల్లీల పొడి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు డబ్బాలో పెట్టుకుని బండెక్కేవాడు. ఆయన పచ్చిపులుసు పోసుకుని తింటుంటే నేను లారీ వెనక ఎక్కి, ఒక బస్తా మీద బొగ్గుతో నా పేరు, ఊరు రాసి, కింద ‘అందితే జవాబు రాయండి’ అని చేర్చేవాణ్ణి.

“ఇల్లు కట్టుకునేటోళ్లకు నీతోని ఏం పనిరా” అనేది అమ్మ.

“పోనీ తియ్యే. మన ఊరి సిమెంటు పోతెనే గాడ ఇండ్లు లేస్తయి. వాని పేరు గూడ పోనీ” అనేవాడు నాయన.

తిరిగొచ్చాక విశాఖ ముచ్చట్లు చెప్పేవాడు. పొద్దుగూకితే సముద్రం ఒడ్డున కూలీలు, ఆఫీసర్లు ఒకే ఇసుకలో కూర్చుని పల్లీలు తింటారట, ఎవరూ ఎవరినీ లెమ్మనరట. మా ఊళ్లో నన్ను అరుగు మీది నుంచి లేపినవాళ్ల పేర్లు నాకింకా వరుసగా గుర్తున్నాయి.

జవాబు మాత్రం రాలేదు. పోస్ట్‌మ్యాన్ సైకిల్ మా ఇల్లు దాటగానే నాయనమ్మ, “ఏం దొరా, విశాఖ నుంచి కబురొచ్చిందా” అని నవ్వేది. అదీ మరచిపోలేదు.

నాయన లేడు, నాయనమ్మ కడవా లేదు. పెద్ద భవనాలకు కాంక్రీటు ఇప్పుడు తిరిగే డ్రమ్ముల్లో కలిపే తెస్తున్నారు, పేరు రాయడానికి బస్తాయే కనబడదు. కానీ ఈ ఊరికి నాకంటే ముందు నా పేరు వచ్చింది, ఏదో గోడ కడుతున్న చోట దిగింది. దాని వెనకే నేనొచ్చాను. ఆ రోజుల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు, బస్తా విప్పుతూ ఆ బొగ్గు రాత చదివినవాళ్లు ఎవరైనా ఉంటే, మూడో అంతస్తులో నా తలుపు కొట్టండి. అందిందో లేదో ఇప్పుడైనా చెప్పండి.