గుండ్రంగా పెట్టిన సంతకాలు

ఒమాన్‌లోని సోహార్‌లో పొద్దున ఆరింటికి మస్కట్ బస్సెక్కాం, నేనూ ఖాదర్ భాయ్. మాది తుని, ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆయనది కడప. అదే ఫ్యాక్టరీలో పాత ఫర్నేస్ మీద పద్నాలుగేళ్లుగా డ్యూటీ. టికెట్లు రూమ్‌వాళ్లందరూ తలా కొంత వేసుకుని తీశారు.

మా ఉక్కు ఐరోపాకి వెళ్తుంది. ఎక్కువ పొగతో తయారైన ఉక్కు మీద అక్కడ రుసుము పెట్టారు. అందుకని పాత ఫర్నేస్ ఆపేస్తారనీ, దాని మీద పనిచేసే యాభైరెండు మందినీ ఇళ్లకు పంపేస్తారనీ కంపెనీలో మాట పుట్టింది. ఆ నిబంధన మీద ఎవరైనా అభిప్రాయం చెప్పుకోవచ్చని ఐరోపా అధికారులు మస్కట్‌లో ఒక హోటల్లో సభ పెట్టారు. ఎవరైనా అంటే మనమూ కదా అని బయలుదేరాం.

కాగితం ఇంగ్లీషులో నేనే రాశాను. రుసుము వద్దనలేదు. కొత్త ఫర్నేస్ పెట్టి, దాని మీద మాకు పని చూపించేదాకా పాతది ఆపకూడదని కంపెనీకి షరతు పెట్టమన్నాం. సంతకాలు మాత్రం మా రూముల పద్ధతిలోనే పెట్టాం. పళ్లెం బోర్లించి గీత గీసి, దాని చుట్టూ గుండ్రంగా. మొదటి పేరు ఎవరిదో తెలిస్తే మొదట ఇంటికి పోయేది వాడే. ఈ తెలివి మాకు ఊరికే రాలేదు.

బర్కా దగ్గర బస్సు ఆగితే పరోటా తిని చాయ్ తాగాం. పక్క సీటు ఒమానీ పెద్దాయన ఎక్కడికని అడిగితే ఐరోపాతో మాట్లాడ్డానికి అన్నాను. ఆయన నవ్వి, ఖర్జూరాల పొట్లం మా ముందు పెట్టాడు.

తొమ్మిదిన్నరకు దిగి, టాక్సీలో పదికల్లా హోటల్ చేరాం. లోపల ముందు వరసలోనే మా మేనేజర్. ఆయన కంట పడకుండా చివరి వరసలో కూర్చున్నాం.

సభ నడిపేది యాభై ఏళ్ల ఐరోపా అధికారిణి. కాగితం మొత్తం చదివి, దీని తరఫున మాట్లాడేది ఎవరని అడిగింది. అందరమూ అన్నాను. పేరు లేకుండా నమోదు చేయడం కుదరదంది. వాళ్ల దగ్గర చట్టం కావాలని పది లక్షల మంది సంతకాలు పెట్టినా, ముందు నిలబడేవాళ్ల పేర్లు ఉండాల్సిందేనట.

"మా దేశంలో ఓటున్న మా అమ్మే, ఈ చట్టాలు చేసే బ్రసెల్స్‌లో నన్నెవరడిగారు అంటుంది. మిమ్మల్ని అడిగానని నేను చెప్పాలంటే మీరెవరో నాకు తెలియాలి" అంది.

ఖాదర్ భాయ్‌కి తెలుగులో చెప్పాను. మేనేజర్ వెనక్కి తిరిగి చూశాడు. నేను తల దించుకుని కార్పెట్ చూస్తూ నిలబడ్డాను. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఖాదర్ భాయ్ నా జేబులో పెన్ను తీసుకున్నాడు. గుండ్రం మధ్య ఖాళీలో పేరు రాసి, కింద రెసిడెంట్ కార్డు నంబరు వేశాడు.

"ఓటు లేదులే మాకు. పేరైతే ఉండాది గదా. అట్నే చెప్పు సార్" అన్నాడు.

అట్లాగే చెప్పాను. ఆమె నమోదు చేసుకుని రసీదు ఇచ్చింది. ఆయనతో పాటు ముందు నిలబడేవాళ్లు ఇంకెవరైనా ఉంటే సాయంత్రంలోగా పేర్లు మెయిల్ చేయమంది. ఏమీ హామీ ఇవ్వలేదు.

మూడింటి బస్సులో తిరుగు ప్రయాణం. భయంగా లేదా అని అడిగాను.

"ఎందుకుండదు సార్? పాప నర్సింగు ఇంకా రెండేండ్లుండాది" అని కళ్లు మూసుకున్నాడు. రసీదు మాత్రం చేతిలోనే ఉంది.

సోహార్ దగ్గర పడుతుండగా, సహమ్ దాటాక ఫోన్ తీసి, ఆ మెయిల్‌కి నా పేరూ కార్డు నంబరూ పంపాను. చెప్పడానికి ఆయన్ని లేపలేదు.

ఇలాంటి సభకు మీరూ వెళ్లవచ్చు. పాస్‌పోర్టు అడగరు, ప్రవేశం ఉచితం, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. ముందు నిలబడేది ఎవరో మాత్రం బస్సెక్కకముందే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు. ఆ భారం కూతురి చదువు నెత్తిన ఉన్న మనిషి మీద పడింది.