రాతి వంతెన మీద మిగులు నీళ్ళు

అల్ రువైస్ దాటాక సముద్రపొడ్డున మనుషులు ఎప్పుడో వదిలేసి వెళ్ళిన జాలరుల ఊరొకటి ఉంది. అక్టోబరు మొదటి శుక్రవారం మా అమ్మాయితో అక్కడికి వెళ్ళాను. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలకు ఇంకా ఏడాది పైచిలుకు ఉంది. ఈ ఎడారి దేశమంతా రోడ్లు తవ్వి పెట్టారు. అమ్మాయి రోడ్ల కంపెనీలో ఇంజినీరు. నేను లెక్కల టీచరుగా రిటైరై, అల్ ఖోర్‌లో వాళ్ళింట్లో కొన్నాళ్ళు ఉందామని వచ్చాను.

ఆ ఊళ్ళో బావి దగ్గర నుంచి పాత మసీదు ముంగిటి దాకా మోకాలెత్తు రాతి గోడ ఉంది. మధ్యలో పల్లం వచ్చిన చోట కమాను కట్టి దాటించారు. గోడ తలమీద పొడుగునా జానెడు గాడి. కొత్త రోడ్డు దాని మీదుగానే పోవాలి. అది ఉత్త ప్రహరీ అయితే ఆదివారం కూల్చేస్తారు. నీళ్ళు పారించిన పాతకాలపు వంతెన అయితే రోడ్డే పక్కకు జరగాలి. పైవాళ్ళు ప్రహరీ అనేశారు. ప్రహరీకి కమానెందుకని, అది చూసిన దగ్గర్నుంచి మా అమ్మాయికి నిద్ర లేదు.

"బావి దగ్గర నీళ్ళు పోసి చూద్దాం. వంతెనే అయితే మసీదు ముందున్న తొట్టికి చేరాలి" అన్నాను.

కాపలా మనిషిది జగిత్యాల వైపు. కారులోంచి నీళ్ళ డబ్బా దించుతూ, "మిట్టమధ్యాహ్నం ఆ తొట్టి కాడికి నేనైతే రాను మేడం" అన్నాడు.

"ఏం, దయ్యాలా?" అంది అమ్మాయి.

"దయ్యాలకు గూడ ఈడ వీసా గావాలె గదా. ఏందో నాకెర్క లేదు. పోబుద్ధి గాదు, గంతే."

నేనే వెళ్ళాను. కప్పు లేని మసీదు ముందు కాళ్ళు కడుక్కునే రాతి తొట్టి, ఎండి ఉంది. పొయ్యమని చెయ్యి ఊపి, నీళ్ళు వస్తున్నాయేమోనని గాడి మీదకు వంగాను. చెవి పక్కనే, రాతిలోంచి, ఒక మగ గొంతు "మాయ్ మాఫీ" అంది. కోపంగా కాదు, ఇంట్లో బియ్యం నిండుకున్నాయని పొరుగింటికి చెప్పినట్టు. రుణమాఫీ తెలుసు గానీ మాయను మాఫీ చేయడమేమిటి? కాపలా మనిషి వేళాకోళమనుకుని తలెత్తాను. వాళ్ళిద్దరూ దూరంగా, నా బొటనవేలంత కనిపిస్తున్నారు. అతను ముఖానికి తువ్వాలు చుట్టుకుని డబ్బా వంచుతున్నాడు.

నీళ్ళు వచ్చాయి. సగం రాయే తాగేస్తుందని నా అంచనా. తొట్టి నిండుతూనే ఉంది.

అమ్మాయి నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. వెనకాల అతను కూడా ఖాళీ డబ్బాతో వచ్చి, కాస్త ఎడంగా నిలబడ్డాడు. కొలవకుండా వదలడం నాకు చేతకాదు. తొట్టిలో నీళ్ళు సీసాతో తోడి అదే డబ్బాలో పోశాం. డబ్బా మూతి దాకా నిండింది. తొట్టిలో ఇంకా అరచెయ్యి మునిగేన్ని మిగిలాయి.

"ఒక్క డబ్బాయేనా పోసింది?"

"తెచ్చిందే ఒకటి కదమ్మా."

"బావిలో?"

"బావిల ఇసుకనే, మేడం."

కారులో ఎండకు కాగిన నీళ్ళవి. తొట్టిలోవి కుండనీళ్ళలా చల్లగా ఉన్నాయి.

"ఇందాక మాయ, మాఫీ అన్నావెందుకయ్యా?" అని అడిగాను.

"నేనేడన్న?" అన్నాడు. ముఖానికున్న తువ్వాలు విప్పుతూ, "మాయ గాదు మేడం. మాయ్ అంటె నీళ్ళు, మాఫీ అంటె లెవ్వు. అరబ్బోళ్ళ మాట. నీళ్ళు లెవ్వంటున్నరు."

"ఎవరు?"

అతను డబ్బా అక్కడే వదిలేసి కారు వైపు నడిచాడు.

అమ్మాయి తొట్టి అంచున కూర్చుంది. "ఎన్ని పోశామో ఎన్ని చేరాయో రిపోర్టులో రాయాలి. పోసినదానికంటే ఎక్కువ చేరాయంటే నాకు మతి పోయిందంటారు. గోడ పోతుంది."

"చేరాయని రాయి. ఎన్నో రాయకు."

"యూనిట్లు రాయలేదని నాకే మార్కులు కోసినదానివి, నువ్వేనా?"

"కోశాను. ఇది రాయకు."

ఇప్పుడు రోడ్డు అక్కడ గోడను తప్పించి వంపు తిరుగుతుంది.

ఆ రోజు బయల్దేరే ముందు డబ్బా ఎత్తబోయి ఆగాను. అందులో మావెన్నో, కానివెన్నో విడదీయడం నా వల్ల కాలేదు. నీళ్ళు లేవన్నారు కదా అని మొత్తం మళ్ళీ తొట్టిలోనే వంచేశాను.