నిండని ఇరవై శాతం

అది 2023 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర ఒక ల్యాప్‌టాప్ రిపేర్ షాపులో చేరి నాకు ఏడాదిన్నర అయింది. చదివింది ఇంటర్ వరకే. బిల్లులు రాయడానికని చేరి, పక్కన నిలబడి చూసి చూసి స్క్రూలు విప్పడం నేర్చుకున్నాను. మా ఓనర్ రమేశన్న అప్పుడప్పుడే నన్ను రిపేర్ టేబుల్ దగ్గర కూర్చోనిస్తున్నాడు. "ఒక్క కంప్లైంట్ ఒచ్చినా మళ్ల బిల్లు బుక్కే నీకు" అని ముందే చెప్పాడు కూడా.

ఆ రోజుల్లోనే ఎల్బీ నగర్ నుంచి పద్మక్క వచ్చింది. జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే షాపు ఆమెది. ల్యాప్‌టాప్‌లో డిజైన్ తయారుచేసి మిషన్‌కు పంపుతుంది. టచ్‌ప్యాడ్ నొక్కినా పడటం లేదని తెచ్చింది. కింది మూత విప్పితే ఏముంది, బ్యాటరీ పూరీలా పొంగి టచ్‌ప్యాడ్‌ను పైకి తోస్తోంది!

"చార్జర్ ఎప్పుడు తీస్తవక్కా?"

"తీసుడెందుకు? షటర్ లేపంగనే పెడ్త, బంద్ జేసినప్పుడు తీస్త."

రోజంతా వంద శాతం నిండే ఉండి, దానికి వేడి తోడైతే బ్యాటరీ తొందరగా పాడవుతుంది. ఒక్కోసారి ఇలా ఉబ్బుతుంది. కొత్తది వేసి, చార్జ్ లిమిట్ అనే సెట్టింగ్‌ను ఎనభైకి పెట్టాను. అంటే చార్జర్ అలాగే ఉన్నా ఎనభై దగ్గర నిండటం ఆగిపోతుంది. ఎంత మంచి పని చేశానో అని నాలో నేనే మురిసిపోయాను. ఆ మాట పద్మక్కకు చెప్పాలని మాత్రం షాపు హడావిడిలో గుర్తే రాలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆమె ఆ ల్యాప్‌టాప్ తెచ్చి రమేశన్న ముందు పెట్టింది.

"ఏందన్నా, కొత్తదని చెప్పి పాత బ్యాటరీ అంటగడ్తరా? ఎంతసేపు పెట్టినా ఎనభై దాటుతలేదు. నా ఇరవై ఎవలు మింగిన్రు?"

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. రమేశన్న నవ్వలేదు. "ఏం జేసినవ్?" అన్నాడు నా వైపు తిరిగి. లిమిట్ సంగతి చెప్పాను.

"నిన్నెవరు పెట్టమన్నరు? వంద చేసియ్యి. రేపటి సంది బిల్లులు చూస్కో."

కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేశాను. పద్మక్క తన చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగు పిల్లా. ఎందుకు పెట్టినవో నాకు జెప్పు."

ఆమె ల్యాప్‌టాప్‌లోంచి తీసి లోపల విడిగా పెట్టిన పాత బ్యాటరీని తెచ్చి చూపించాను. "ఒక్క పూట కడుపు పగిలేటట్టు తింటే ఏం గాదక్కా. రోజంతా అట్లనే కూసుంటే? గిది గట్లనే ఉబ్బింది. అందుకే జర ఖాళీ ఉంచిన."

ఆమె దాన్ని దగ్గరగా వంగి చూసింది. "మరి కరెంట్ పోతే?" అని అడిగి, జవాబు కూడా తానే చెప్పుకుంది. "పోతే మిషినే ఆగుతది. ఇది నిండుగుంటే నాకు ఏం ఒరుగుతది!" అంతలోనే మళ్ళీ, "గానీ ఆదివారం హయత్‌నగర్ దిక్కు పెండ్లోళ్ల ఇండ్లకు డిజైన్లు చూపియ్య పోత. ఆడ ప్లగ్గు కోసం దేవులాడాల్నా? ఆ దినం నాకు వంద గావాలె" అంది.

ఆ ల్యాప్‌టాప్ ఆమె షాపు దాటి బయటికి పోతుందని నాకు తట్టనే లేదు. అడిగితే కదా!

"అయితే శనివారం వందకు మార్చి, తిరిగొచ్చినంక ఎనభై పెట్టుకో అక్కా."

"జరుగు. నా చేతితోని నేనే పెడ్త." నేను పక్కన నిలబడి చూపిస్తే, రెండుసార్లు మార్చి చూసుకుంది. తర్వాత రమేశన్నతో, "పిల్ల పని మంచిగనే చేసింది. నోరే తెరువలే. దానికే కుర్చీ గుంజుతవా? నాకు మళ్ల ఏమన్నయితే ఈ పిల్ల తానకే ఒస్త" అంది.

 రమేశన్న, విప్పాల్సిన ఇంకో ల్యాప్‌టాప్‌ను నా ముందుకు జరిపాడు.

ఆ రోజు పద్మక్క నాలుగు తిట్టి, వంద పెట్టించుకుని పోయినా తప్పులేదు. ఆమె ఆగి, ఎందుకని అడిగింది. అలా అడగబట్టే నేనింకా ఈ టేబుల్ దగ్గరున్నాను. ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఇప్పుడు ఎవరు వచ్చినా, స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే వాళ్ళ ల్యాప్‌టాప్ రోజంతా ఎక్కడుంటుందో, ఎప్పుడు బయటికి పోతుందో అడుగుతాను. లిమిట్ మాత్రం నేను పెట్టను. ఎట్లా పెట్టాలో చూపించి, మౌస్ వాళ్ళ చేతికిస్తాను.