మామ తిట్టిన నిమ్మ మొక్క

మాది ఎమ్మిగనూరు దగ్గర చిన్న నర్సరీ. నా పెళ్లయిన రెండో ఏడు, మామిడి అంట్లు కొనడానికి మామ, మా ఆయన, నేను ఆదోని దగ్గర ఒక పెద్ద నర్సరీకి పోయినాము.

ఆడ మామ ఒక నిమ్మ మొక్కను కవరులోంచి తీసి, పదిమంది ముందు గట్టిగా అన్నాడు. "వేర్లన్నీ చుట్టుకొని పోయినాయి కదప్పా! దీన్ని పెంచినోడు మనిషేనా?"

అందరూ తల ఊపినారు. నేనూ ఊపినాను.

నర్సరీ యజమాని నెమ్మదిగా, "పోయిన నెల మీ కొడుకే తెచ్చిచ్చినాడు పెద్దాయనా, మీ మొక్కలే" అన్నాడు.

వాటిని పెద్ద కవర్లలోకి మార్చకుండా వదిలేసింది నేనే. "నేనే మామా" అన్నాను.

మామ ఆ మొక్కలన్నీ వెనక్కి తీసుకుని, మంచివి పంపిస్తానని యజమానికి మాటిచ్చినాడు. దారిలో నాతో ఒక్కటే అన్నాడు. "నేర్పించనిది నాదే తప్పులేమ్మా."

తిట్టింటే ఈపాటికి మర్చిపోయుందును.