గ్వెన్ కోటు అమ్ముడుపోయిన వారం

ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్ ఊళ్లో ఏ పూట గ్వెన్ ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. దాక్కోవాల్సిన మనిషి చేయకూడని పొరపాటు అదే. కానీ పదకొండేళ్లు ఒకే ఊళ్లో ఉంటే అలవాట్లు ఏర్పడకుండా ఎలా ఉంటాయి?

సోమవారం పొద్దున్నే పిల్లుల వాళ్ల షాపులో ఉండేది. అంటే పిల్లుల్ని అమ్మే షాపు కాదు. దిక్కులేని పిల్లుల్ని సాకడానికి, జనం ఇచ్చిన పాత సామాన్లు అమ్మే ఛారిటీ షాపు. మంగళవారం చర్చి హాల్లో వెచ్చని గది. చలికాలంలో ఇంట్లో హీటరు వేసుకోలేని వాళ్ల కోసం టీ, సూపు పెట్టి కూర్చోబెట్టే చోటు అది. బుధవారం లైబ్రరీ. అక్కడ కిటికీ పక్క బల్ల మీద ఎప్పుడూ ఒక పెద్ద జిగ్సా పజిల్ బొమ్మ ముక్కలు ముక్కలుగా పరిచి ఉంటుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు నాలుగు ముక్కలు అతికించి పోతుంటారు. శుక్రవారం మాత్రం హాస్పిస్ షాపు, అంటే ఇక నయం కాని రోగుల్ని చివరిదాకా చూసుకునే ఆశ్రమం కోసం నడిపే ఇంకో పాత సామాన్ల షాపు. ఆ రోజు కోసమే ఆమె మిగతా వారమంతా గడిపేదేమో అనిపిస్తుంది నాకు.

కొనేది తక్కువ. చూడటమే సరదా. కప్పు తిరగేసి అడుగున ముద్ర చూసేది. పుస్తకం మొదటి పేజీలో ఎవరు ఎవరికి ఏ పుట్టినరోజుకి ఇచ్చారో చదివేది. జిగ్సా పెట్టె మూత మీద "ఆకాశంలో ఒక ముక్క లేదు, క్షమించండి" అని ఎవరో పెన్సిలుతో రాసి ఉంటే ఆ రోజంతా తలుచుకుని నవ్వుకునేది. తనదంటూ ఏమీ మిగలని మనిషికి ఇతరుల ఇళ్లల్లోంచి వచ్చిన వస్తువుల మధ్య తిరగడం ఎంత హాయో, అలా తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

ఎక్కడ కూర్చున్నా వీపు గోడకి, కళ్లు గుమ్మం వైపు. ప్రతి షాపుకీ వెనక తలుపు ఎటుందో ఆమెకు తెలుసు. ఫోటో అంటే చాలు, ముక్కు చీదుకోవాలనో, కేటిల్ ఆపాలనో లేచిపోయేది. ఊళ్లో వాళ్లు ఇవన్నీ చూడకపోలేదు. ఏదో పిచ్చి అలవాటు అనుకున్నారు. ఎవరి పిచ్చిని వాళ్లకి వదిలెయ్యడం ఇక్కడ పెద్ద మర్యాద.

ఆ పిచ్చికో పేరుంది. క్లైవ్. ఆమె మొగుడు. ఉత్తరాన ఉన్న ఊళ్లో అతనితో కాపురం చేసినన్నాళ్లూ ఇంటి తాళంచెవులు అతని జేబులోనే ఉండేవి. చెయ్యి చేసుకున్నది తక్కువే. బయటివాళ్ల ముందు గొంతు పెంచింది అసలే లేదు. ఆమె పారిపోయాక రెండుసార్లు వెతికి పట్టుకున్నాడు. బెదిరించి కాదు, బతిమాలి. మొదటిసారి జుట్టు కత్తిరించే అమ్మాయి చెప్పేసింది, రెండోసారి పక్కింటావిడ. నా భార్యకి మతి సరిగ్గా ఉండదండీ, మందులు వేసుకోదండీ అని కళ్లనీళ్లు పెట్టుకుంటే, పాపం, ఇద్దరికీ జాలేసింది. రెండోసారి అతనికి తలుపు తీసిన రాత్రి తర్వాత ఆమె ఎడమచెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. "మళ్లీ వెళ్లావంటే ఇంత ఓపిగ్గా ఉండను" అన్నాడట, కట్టు కడుతూ. మూడోసారి ఆమె పేరు కూడా మార్చుకుని పారిపోయింది. ఆ కొత్త పేరే గ్వెన్.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఆమె కోటు అమ్ముడుపోయింది.

హాస్పిస్ షాపు నడిపేది బెరిల్. డెబ్బై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ ధరల చీటీలు కొట్టే తుపాకీ లాంటి మిషను. మంచితనానికి లోటు లేదు కానీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఆమెకు చెప్పిన మాట మధ్యాహ్నానికి కెథీడ్రల్ మెట్ల మీద వినిపిస్తుంది. ఆ షాపులో ఏది కింద పెట్టినా సరుకే. ఒకసారి వాలంటీరు తెచ్చుకున్న శాండ్‌విచ్ డబ్బాకి కూడా చీటీ కొట్టేసింది, లోపల శాండ్‌విచ్ ఉండగానే.

గ్వెన్ ఒక స్వెటర్ వేసి చూసుకుందామని తన ఆకుపచ్చ ఉన్ని కోటు విప్పి హ్యాంగర్ల వరస చివర తగిలించి తెర వెనక్కి వెళ్లింది. బెరిల్ అటుగా వచ్చి, "చూడు, చీటీ లేకుండానే బయట పెట్టేశారు, వీళ్లకెన్నిసార్లు చెప్పాలి?" అని గొణుక్కుంటూ చీటీ కొట్టింది. గ్వెన్ స్వెటర్ బొత్తాలు పెట్టుకుని బయటికొచ్చేలోపు కోటు గుమ్మం దాటిపోయింది.

"ఆ ఆకుపచ్చదా?" బెరిల్ నోరు చేత్తో మూసుకుంది. "అయ్యో బంగారం! నేనే అమ్మాను. సంచి కావాలా అని కూడా అడిగాను!"

షాపంతా పడీపడీ నవ్వింది. గ్వెన్ కూడా నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది. జేబులో ఒక చేతిరుమాలు తప్ప ఏమీ లేదు. బెరిల్ ఇంకో కోటు తీసి ఊరికే ఇచ్చి పంపింది. అక్కడితో అయిపోతే ఈ కథే లేదు. కానీ బెరిల్‌కి మనసు ఒప్పుకోలేదు. ఎలాగైనా ఆ కోటు వెనక్కి తెప్పించాలనుకుంది.

బుధవారం లైబ్రరీలో బొమ్మ ముక్కల బల్ల దగ్గర ఆల్ఫ్ కూర్చుని ఉన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు, ఎప్పుడూ అంచు ముక్కలే వెతుకుతాడు. గ్వెన్‌ని చూడగానే ఫోన్ ఎత్తి చూపించాడు.

"రండి మహారాణీ! ఊరంతా మీ గురించే."

ఫోన్‌లో ఫేస్‌బుక్, ఊరి కబుర్ల పేజీ. దాన్నిండా ఆమె మొహం. క్రిస్మస్ భోజనాల్లో కాగితం కిరీటం పెట్టుకుని, ఆకుపచ్చ కోటులో, నోరారా నవ్వుతోంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియదు. కింద బెరిల్ రాసింది: "మా గ్వెన్ కోటు పొరపాటున అమ్మేశాం. హెరెఫర్డ్ హాస్పిస్ షాపులో తెచ్చివ్వండి. దయచేసి అందరికీ పంపండి!" జనం పంపారు. మంచివాళ్లు కదా, ఎక్కడెక్కడి ఊళ్లకో పంపారు.

గ్వెన్ కూర్చోబోయి కుర్చీ అందక బల్ల పట్టుకుంది. ముక్కలు జలజలా కింద పడ్డాయి.

"ఏమైంది తల్లీ? ఫోటో బాగానే వచ్చిందిగా?" అన్నాడు ఆల్ఫ్ కంగారుగా.

ఆమె వెనక తలుపులోంచి బయటపడి, సందుల్లోంచి ఇంటికి పోయి, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది. ఆ రాత్రి మెట్ల మీద ఎవరు నడిచినా ఆమె ఊపిరి బిగబట్టింది. పైవాటాలో ఉండే నర్సు డ్యూటీ నుంచి వచ్చిందంతే, అయినా సరే. సంచీ సర్దుకుంది. బస్సులు ఎన్నింటికో ఆమెకు ఎప్పుడూ కంఠతానే. కానీ ఈసారి ఏ ఊరు అనుకున్నా కన్నీళ్లే వచ్చాయి. వదిలిపోవడానికి ఇదివరకు ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఒక బల్ల ఉంది, ఒక కుర్చీ ఉంది, పేరు పెట్టి పిలిచేవాళ్లున్నారు.

గురువారం పొద్దున షాపు తెరిచీ తెరవగానే గ్వెన్ వెళ్లి బెరిల్ ముందు నిలబడింది. భుజాన సంచీ.

"ఆ ఫోటో తీసెయ్ బెరిల్."

"తీసేస్తే కోటు ఎలా దొరుకుతుంది? ఇంతకీ నీకో మంచి వార్త. నిన్న ఫోన్ వచ్చింది!"

"ఎవరు?"

"ఎవరో ఒకాయన. ఎంత మర్యాదగా మాట్లాడాడో! ఫోటోలో ఆవిడ ఎలా ఉన్నారు, ఏ రోజుల్లో వస్తారు అని అడిగాడు. శుక్రవారం తప్పకుండా వస్తుందని చెప్పాను. కోటు ఆయన దగ్గరే ఉంటుంది, నీ చేతికే ఇద్దామనుకుంటున్నాడేమో."

అయ్యుండొచ్చు. గ్వెన్ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. ఊళ్లో మర్యాదగా మాట్లాడే మగవాళ్లకి కొదవా? కోటు కొన్నవాడే అయ్యుంటాడు. అలా తనకి తాను చెప్పుకుంటూ ఉండగానే తలుపు గంట మోగింది. కాలేజీ పిల్ల ఒకతె లోపలికొచ్చింది, చేతి మీద ఆకుపచ్చ కోటు మడిచి వేసుకుని.

"ఇది మీదేగా? నా పేరు టెస్. ఫోటో చూశాక చచ్చేంత సిగ్గేసింది. ఇంకొకరి కోటు వేసుకుని వారంగా తిరుగుతున్నాను!"

బెరిల్ చప్పట్లు కొట్టింది. "నిన్న ఫోన్ చేసింది మీ నాన్నగారా?"

"ఫోనా? లేదే. మా వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. పొద్దునే చూశాను, నేరుగా వచ్చేశాను."

గ్వెన్ నేల మీద కూలబడింది. బెరిల్, టెస్ చెరోవైపు పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లారు. విప్పని సంచుల మధ్య, పాత బట్టల వాసనలో, పదకొండేళ్లు ఎవరికీ చెప్పని సంగతి చెప్పేసింది. తాళంచెవులు, జుట్టు కత్తిరించే అమ్మాయి, పక్కింటావిడ, చెయ్యి. బెరిల్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేనే... నేనే చెప్పాను వాడికి. రోజు కూడా చెప్పాను." ఫోన్ తీసి ఫోటో తీసేయబోతూ ఎక్కడ నొక్కాలో తోచక తడుముకుంటుంటే, టెస్ అందుకుని తీసేసింది. "నా నాలుక తెగ్గొయ్యాలి! ఇక ఈ జన్మలో ఎవరికీ ఏమీ చెప్పను. ఒట్టు."

"వద్దు," అంది గ్వెన్. "చెప్పు. ఈసారి అందరికీ చెప్పు. వాడు ఏడుస్తాడని కూడా చెప్పు."

బెరిల్ తన కోటు వేసుకుని బయల్దేరింది. మధ్యాహ్నానికల్లా పిల్లుల వాళ్ల షాపు, లైబ్రరీ, చర్చి హాలు, మార్కెట్లో జున్ను అమ్మే ఆయన దాకా అందరికీ తెలిసిపోయింది. పోలీసు స్టేషన్‌కీ వెళ్లారు. ఒక ఆఫీసరమ్మ అంతా రాసుకుని, వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి, ఒంటరిగా మాత్రం ఉండొద్దు అంది. ఆ రాత్రి గ్వెన్ బెరిల్ ఇంట్లో పడుకుంది. పడుకుంది అంటే, మంచం మీద కూర్చుంది.

శుక్రవారం అతను వచ్చాడు.

గ్వెన్ వెనక గదిలో, తెర చాటున ఉంది. తెర ముందు కుర్చీలో ఆల్ఫ్ కాపలా కూర్చున్నాడు. గంట మోగింది. తర్వాత ఆ గొంతు. పదకొండేళ్లలో ఏమీ మారలేదు.

"నమస్కారమండీ. ఫోన్‌లో మీతోనే మాట్లాడాననుకుంటాను."

గ్వెన్ చేతిలో ఫోన్ ఉంది, పోలీసుల నంబరు కొట్టి సిద్ధంగా ఉంది. నొక్కడానికి వేలు కదల్లేదు. వెనకే ఉన్న టెస్ ఆ ఫోన్ మెల్లిగా తీసుకుని, వెనక తలుపు దగ్గరికి వెళ్లి గుసగుసగా మాట్లాడింది.

"ఆ కోటు సంగతేగా!" అంది బెరిల్, మామూలుకన్నా కాస్త గట్టిగా. "దొరికిందండీ. ఆవిడ నిన్న వచ్చి పట్టుకెళ్లిపోయింది. ఊరు వదిలి పోతోందట. స్కాట్లండో ఏదో అంది."

"స్కాట్లండా? ఎక్కడ?"

"నేనడగలేదు. ఇతరుల సంగతుల్లో తలదూర్చే అలవాటు నాకు లేదు."

షాపులో ఉన్నవాళ్లందరూ బెరిల్‌ని ఎరిగినవాళ్లే. ఒక్కరు కూడా నవ్వలేదు.

"నేను ఆమె భర్తని," అన్నాడతను. గొంతు బొంగురుపోయింది. "ఆమెకి బాగోదు. మందులు వేసుకోకపోతే ఏం చేసుకుంటుందో అని... నాకు నిద్రలేదు." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత అడుగులు. హ్యాంగర్లు ఒక్కొక్కటే ఇనప కడ్డీ మీద జరుగుతున్నాయి. కోట్లు చూస్తున్నాడు. తెర కింద సందులోంచి నల్ల బూట్లు కనిపించాయి, అద్దంలా మెరుస్తూ.

"ఈ వెనక ఏముంది?"

"బట్టలు మార్చుకునే చోటు. ఇప్పుడు నా వంతు," అంది ఆల్ఫ్ గొంతు. తెర ముందు కుర్చీ కిర్రుమంది. "ప్యాంటు మార్చుకుందామని చూస్తున్నాను. మీరు కాస్త అటు తిరుగుతారా, లేకపోతే సాయం చేస్తారా?"

బూట్లు ఆగాయి. అక్కడే చాలాసేపు ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగాయి. "మీ దయకి కృతజ్ఞతలండీ," అన్నాడు. గంట మోగింది.

పోలీసులు వచ్చి, అతను పోయిన దారిన వెళ్లారు. బెరిల్ తలుపుకి గడియ పెట్టి వెనక గదిలోకి వచ్చింది. విప్పని సంచి మీద గ్వెన్ పక్కనే కూలబడింది.

"ఏడ్చాడు గ్వెన్. నిజంగా కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఎంత మంచివాడిలా ఉన్నాడంటే... నువ్వు నిన్న చెప్పకపోయుంటే, నేనే ఆయన చెయ్యి పట్టుకుని నీ దగ్గరికి తీసుకొచ్చేదాన్ని."

"తెలుసు," అంది గ్వెన్.